ముక్కు మీద కోపం

"ఇంకోసారి చెప్తాను, విను," అంది డాక్టరమ్మ. అప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో ఆవిడకే గుర్తు లేదు.

కుర్రాడు తలూపాడు. వినడం లేదని ఆ ఊపుడులోనే తెలుస్తోంది.

ఆపరేషన్ థియేటర్ పక్కనున్న చిన్న గది అది. రెండు కుర్చీలు, చేతులు కడుక్కునే తొట్టి, గోడకి లైటు వెలిగే పలక. పలక మీద వరసగా ఫొటోలు. అన్నిట్లోనూ ఒకటే ముక్కు. ఎదుటి నుంచి చూస్తే ఎడమకి ఒరిగింది. పక్క నుంచి చూస్తే నడుమ గూని. ఎక్కడ ఎంత తీయాలో నీలం పెన్సిలుతో గీతలు గీసి ఉన్నాయి. కుర్రాడు ఆ గోడకేసి తప్ప అన్ని దిక్కులకీ చూస్తున్నాడు.

డాక్టరమ్మకి చిరాకు నషాళానికి అంటింది. ఆవిడకి ముక్కు మీదే కోపం ఉంటుందని ఆస్పత్రంతా చెప్పుకుంటారు. కానీ ఇవాళ కోపానికి కారణం ఉంది. పోయిన నెల ఈ కుర్రాడే, ఆస్పత్రి బట్టలు తొడుక్కుని కూడా, వెనక గుమ్మం గుండా జారుకున్నాడు. ఈ నెలాఖరుకి ఆవిడ ఉద్యోగం అయిపోతుంది. ఆ తరవాత ఇతణ్ణి బతిమాలో బెదిరించో ఆపరేషన్ బల్ల దాకా నడిపించేవాళ్లు ఉండరు. ఇవాళ వెనకడుగు వేశాడా, ఇక ఈ జన్మకి రాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడిది అవసరమా మేడమ్?" అని గొణిగాడు. "ఇన్నాళ్లూ ఉన్న ముక్కే కదా. అలాగే ఉండిపోతే ఏం?"

"ఏమా? ఎడమ పక్క చుక్క గాలి దూరదు. పడుకుంటే గురక, లేస్తే తలనొప్పి. చిన్నప్పుడు ఉయ్యాల బల్ల తగిలిన నాటి నుంచీ చిలక ముక్కు, చిలక ముక్కు అని పిలిపించుకున్నది చాలలేదా?"

"చిలక ముక్కు బానే ఉంటుంది మేడమ్."

"చిలక్కి."

అతను నవ్వలేదు. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్లీ చెమట పట్టాయి.

"వంకరగా వస్తే?"

"ఇప్పుడేమన్నా నిటారుగా ఏడిసిందా?"

"అంతకన్నా వంకరగా వస్తే?"

ఆవిడ కళ్లు మూసుకుని, నోటితో గట్టిగా గాలి పీల్చుకుంది.

"చూడు నాన్నా. మెలకువ వచ్చేసరికి లోపల దూది వత్తులుంటాయి, పైన కట్టుంటుంది. ఎవరో పట్టుకుని బాదినట్టు కళ్ల చుట్టూ కమిలిపోతుంది. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి."

"నొప్పి ఎక్కువైతే?"

"మందులున్నాయి కదా. నొప్పి కన్నా విసుగు ఎక్కువ. అన్నం ముందు కూర్చుంటే వాసన తెలీదు. కళ్లజోడు పెట్టుకోవడానికుండదు. కట్టు విప్పిన రోజు అద్దంలో ముక్కుకి బదులు బంగాళాదుంప కనపడుతుంది. ఏడుపొస్తుంది. కొస దగ్గర వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పట్టినా పట్టొచ్చు. ఇవన్నీ జరిగేవే. జరిగితే ఎవరి తప్పూ కాదు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్. రేపు పెట్టుకుందామా?"

ఆవిడ చేతిలో పెన్సిలు విరిగినంత పనైంది.

ఇంతలో అతని జేబులో ఫోను మోగింది. వాళ్లమ్మ. "లేదమ్మా, నిన్న రాత్రి నుంచీ ఏం తినలేదు," అన్నాడు మెల్లగా.

"నేనూ తినలేదు. ఏమైంది ఇప్పుడు?" అంటూ డాక్టరమ్మ ఫోను లాక్కుంది. "అమ్మా, మీ వాడు నన్ను చంపుకు తింటున్నాడు. కాస్త మీరైనా ధైర్యం చెప్పండి."

"చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతేనే కళ్లు తిరిగి పడిపోయేవాడమ్మా వాడు," అంది అవతలి గొంతు. "ఈ కోతలూ కుట్లూ మా ఇంటా వంటా లేవు. వాళ్ల నాన్నయితే పొద్దుటి నుంచీ గుమ్మంలోంచి వీధిలోకి, వీధిలోంచి గుమ్మంలోకి తిరుగుతూనే ఉన్నారు. మీ పిల్లాడే అనుకోండి. వాణ్ణి మీ చేతుల్లో పెట్టాం."

డాక్టరమ్మ "అలాగేనమ్మా," అని ఫోను తిరిగి ఇచ్చేసింది.

తలుపు తోసుకుని మత్తు డాక్టరు తొంగి చూశాడు. ఆవిడతో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. నోటికి తాళం ఉండదు.

"మీరిద్దరూ తేల్చుకునేలోపు నా మందు సీసాలు గుర్రు పెడుతున్నాయి మేడమ్." కుర్రాడికేసి తిరిగాడు. "ఏమయ్యా కొత్త పెళ్లికొడకా, లోపలికొస్తావా? వెనక గుమ్మానికి తాళం వేయించమంటావా?"

"నాకు భయంగా ఉందండీ."

"భయపడనివాళ్లంటేనే నాకు భయం," అంది డాక్టరమ్మ. "నువ్వు భయపడు. భయపడుతూనే నడు."

"ఇవాళ్టికి వేరేవాళ్లని పిలుచుకోండి మేడమ్. మీ కాళ్లు పట్టుకుంటాను."

"నాకు వేరేవాళ్లు వద్దు."

పొద్దుటి నుంచీ ఆవిడ గొంతులో చిరాకు లేని మాట అదొక్కటే. అతను తలెత్తాడు. మొదటిసారి గోడ మీది ఫొటోలకేసి చూశాడు. నీలం గీతల వెంట కళ్లు మెల్లగా కిందికి దిగాయి.

ఆవిడ థియేటర్ తలుపు తీసింది. చల్లగాలి మొహాన కొట్టింది. వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి నడిచింది. తరవాత తొట్టి దగ్గర కుళాయి విప్పిన చప్పుడు, ఇంకాసేపటికి వెనక అడుగులు.

డాక్టరమ్మ బల్లెక్కి వెల్లకిలా పడుకుని, తన దగ్గర పని నేర్చుకున్న ఆ కుర్రాడు గ్లౌజులు తొడుక్కుని కత్తి కోసం చెయ్యి చాచేదాకా మత్తు సూదిని దగ్గరికి రానివ్వలేదు.