మూడు ఒకట్లు, ఒక మూడు

“లెక్క తప్పిందా? శభాష్! ఎక్కడ తప్పిందండీ?”

లెక్కల మాస్టారు ఫోను రెండు చేతులా పట్టుకుని పెట్టిన కేకకి పత్రికాఫీసులో టైపు చేస్తున్న వేళ్ళన్నీ ఆగిపోయాయి.

“పార్కు గేటు దగ్గరండీ,” అంది అవతలి గొంతు ఏడుస్తూ.

“పార్కులో కూర్చుని చేశారా? మంచి గాలి! ఎంతసేపు ప్రయత్నించారు?”

“గంట నుంచి పిలుస్తున్నానండీ. పలకట్లేదు.”

“పలకదమ్మా! ఎలా పలుకుతుంది? పలకనిదే కదా నేను పెట్టింది!”

“అయితే నా కుక్క మీ దగ్గరుందా?”

తప్పింది లెక్క కాదు, కుక్క. మాస్టారు నీరుగారిపోయి, ఫోనుని ‘తప్పిపోయినవి’ శీర్షిక చూసే అమ్మాయి చేతిలో పెట్టారు.

ఎడిటర్ గాజు గదిలోంచి తల బయట పెట్టాడు. “ఏం మాస్టారూ, వచ్చిందా ఫోను?”

“వచ్చింది గానీ... కుక్క గురించండీ.”

“కుక్క లెక్కలోకి రాదు. మీ పజిల్ చేసేవాడు ఒక్కడున్నాడని ఐదింటిలోగా రుజువు చూపించండి, ఉంచేస్తాను. లేదంటే సోమవారం నుంచి ఆ గడిలో పరుపుల ప్రకటన. జనం హాయిగా పడుకుంటారు.”

ఆ రుజువు కోసమే మాస్టారు నిన్న ఓ సాహసం చేశారు. నాలుగు అంకెలిచ్చి, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడి, కూడో, తీసేసో, హెచ్చవేసో, భాగించో ఇరవై నాలుగు తెమ్మనడం ఆయన రోజువారీ పజిల్. నిన్న రాసిచ్చిన కాగితంలో మాత్రం కావాలనే మూడు ఒకట్లు, ఒక మూడు వేశారు. వాటిని పిండి పిప్పి చేసినా తొమ్మిది దాటదు. పాఠకుడనేవాడు భూమ్మీద ఉంటే ఫోను చేసి తిట్టి తీరాలి. ఆ ఒక్క తిట్టు కోసం మాస్టారు చెవి కోసుకుంటున్నారు.

కూడికలు పెట్టే మనిషే గానీ, ఆయనతో కూడి కూర్చునేవాళ్ళు ఆ ఆఫీసులో లేరు. మధ్యాహ్నం అందరూ బల్లకి నలుగురు చొప్పున సర్దుకుని తింటారు. మాస్టారు భాగహారంలో శేషం. కిటికీ పక్క స్టూలు మీద డబ్బా విప్పి, ఎడం చెయ్యి ఫోను మీదే ఉంచి తిన్నారు. ఇంటికెళ్ళినా అంతే. ఒకటిని ఒకటితో ఎన్నిసార్లు హెచ్చవేసినా ఒకటే.

ఇవాళ్టి పత్రిక ఆయన బల్ల మీద మడత విప్పకుండా పడి ఉంది. అచ్చయ్యాక తన పజిల్ ఆయన ఎప్పుడూ చూసుకోరు. వండినవాడికి వాసనతోనే కడుపు నిండుతుంది.

మూడింటికి ఫోను మళ్ళీ మోగింది.

“సారీ, రాంగ్ నంబరండీ.”

“రాంగా? ఏ నంబరు బాబూ? మొదటిదా, చివరిదా?”

పెట్టేశాడు. ఆ తర్వాత ఫోను మోగలేదు.

“ఐదు,” అన్నాడు ఎడిటర్, గడియారం కంటే ముందే.

“ఇంకో రెండు నిమిషాలు...”

“అంకెలు మీకు నేను నేర్పాలా మాస్టారూ?”

మాస్టారు లేచారు. పెన్సిలు, రబ్బరు, అంచులు నలిగిన గళ్ళ పుస్తకం సంచిలో సర్దుకున్నారు. గుమ్మంలో, రాత్రి అచ్చుకి వెళ్ళే పేజీలు కట్టే ఆవిడ ఎదురైంది. ఆవిడ డ్యూటీ మొదలయ్యేది ఐదుకి, ఈయనది అయిపోయేది ఐదుకి. తొమ్మిదేళ్ళుగా ఆయన దిగే మెట్లే ఆవిడ ఎక్కుతోంది. తలకాయలు ఊగడమే తప్ప నోళ్ళు పెగిలింది లేదు. ఉబ్బిన సంచి చూసి ఇవాళ ఆవిడ ఆగింది.

“ఏంటి మాస్టారూ, సామానంతా తీసుకెళ్తున్నారు?”

“నా పజిల్ ఎవరూ చెయ్యట్లేదటమ్మా. తప్పు లెక్కిచ్చి మరీ చూశాను. ఊరంతా ఊరుకుంది.”

“తప్పు లెక్కా? ఏ రోజుది?”

“ఇవాళ్టిదే. మూడు ఒకట్లు, ఒక మూడు.”

ఆవిడ నాలుక కరుచుకుంది. గబగబా వెళ్ళి ఆయన బల్ల మీది పత్రిక మడత విప్పింది. కుక్క ప్రకటన రాస్తున్న అమ్మాయి లేచి వచ్చింది. ఎడిటరూ వచ్చి తల దూర్చాడు. గడిలో మూడు ఒకట్ల పక్కన, నోరు మూసుకుని బుద్ధిగా ఎనిమిది కూర్చుని ఉంది.

“అయ్యో, అది కావాలని వేసిన మూడా! ఎంత గింజుకున్నా ఇరవై నాలుగు రాకపోతే, తొందరలో ఎనిమిదికి నోళ్ళు మూయడం మర్చిపోయారనుకుని నేనే మూసేశాను. మూడు ఒకట్లూ కూడి ఎనిమిదితో హెచ్చవేస్తే సరిపోయింది,” అంది ఆవిడ అందరికీ వినబడేలా. “మీ పజిల్ తేలకుండా తొమ్మిదేళ్ళలో ఒక్క పేజీ కూడా అచ్చుకి పంపలేదండీ నేను.”