నీలం చొక్కాకు వీడ్కోలు

పాలిస్టర్‌ని వేడినీళ్లతో విడగొట్టి మళ్లీ ముడిసరుకుగా మార్చడం మా ల్యాబ్ పని. ప్రయోగానికి గుడ్డ కావలసివస్తే, త్యాగమూర్తిలా నా పెళ్లినాటి నీలం చొక్కా ఇస్తానన్నాను. కత్తిరించడానికి మాత్రం చేతులు రాక, ఆ పని మా ఆవిడకు అప్పగించాను.

ప్రెషర్ కుక్కర్‌లాంటి యంత్రంలోంచి తెల్లటి పొడి బయటికి రాగానే కాస్త అరచేతిలోకి తీసుకున్నాను. "ఇందులో నా యవ్వనం ఉంది" అంటూ అందరి ముందూ ఉపన్యాసం దంచాను.

ఇంటికొచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూలబడి, చిటికెడు పొడి ఆవిడకు చూపించాను. "చూడు, మన చొక్కా!"

"మీ చొక్కా బీరువాలోనే ఉంది. నాకూ చేతులు రాలేదు. ఆ కిటికీకున్న నీలం కర్టెన్ కత్తిరించి ఇచ్చా. అప్పట్నుంచీ కిటికీ బోసిగానే ఉంది, చూళ్లేదూ?"

సాయంత్రపు ఎండ సూటిగా నా మొహానే కొడుతోందని ఈ శాస్త్రవేత్తకు అప్పుడుగానీ తెలియలేదు.