మొండి ఊరు

“ఆ డాక్టరమ్మ చేతి మందు మింగేకన్నా కొండమీంచి దూకడం నయం బాబూ!”

ఉరుము మామ్మ గొంతు వైద్యశాల వసారా దాటి లోయదాకా వినిపించింది. ఆ గొంతు వల్లే ఊళ్ళో ఆవిడకు ఆ పేరు. లోపల సూదులు మరిగిస్తున్న డాక్టరమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. పోయిన చలికాలం నెమ్ము చేసి మామ్మ కొన ఊపిరితో ఉంటే, పక్కనే కూర్చుని దక్కించుకున్నది తనే.

వసారాలో కుర్చీలో కూర్చున్న పెద్దాయన కనుబొమలు ముడిపడ్డాయి. ఆయన మిషను కేంద్రం నుంచి తనిఖీకి వచ్చాడు. సామాను ముందురోజే కంచరగాడిదలవాడితో పైకి పంపి, తాను కింది మజిలీలో ఆగి, ఆ పొద్దున కొండెక్కాడు. “మీ పని సంగతి ఏదో ఒకటి తేల్చుకునే దిగుతాను” అని వస్తూనే పాస్టరుగారికి చెప్పాడు.

“పోనీ, ప్రార్థనకైనా వెళ్తావా అమ్మా?” అని అడిగాడాయన.

“ఎందుకూ, కునుకు తీయడానికా? అయ్యగారు నోరు తెరిస్తే గాడిదలు కూడా నిలబడి నిద్రపోతాయి.”

డాక్టరమ్మ భర్త పాస్టరుగారు తల వంచుకున్నాడు. ప్రార్థన గది గోడలకు ఊరివాళ్ళతో కలిసి వీపు మీద రాళ్ళు మోసిన మనిషి ఆయన. ఆ వీపు ఇంకా నొప్పి పెడుతుంది.

తర్వాత గొర్రెల కాపరి కుంటుకుంటూ వచ్చాడు. బండ కింద నలిగిన అతని కాలు తీసేయాల్సిందేనని పట్నంలో చేతులెత్తేస్తే, పంతం పట్టి నిలబెట్టింది డాక్టరమ్మ.

“చూశారా అయ్యా, ఈవిడగారి వైద్యం! చచ్చేదాకా నాకిదే గతి.”

డాక్టరమ్మ గుమ్మంలోకి దూసుకొచ్చింది. “నువ్వు కుంటుతున్నది కుడికాలు! నేను కట్టు కట్టింది ఎడమకాలికి!”

కాపరి ఒక్క క్షణం తడబడ్డాడు. “అదే కదమ్మా నేను చెప్పేదీ! ఎడమది బాగుచేసే హడావిడిలో కుడిదాన్ని పాడుచేశారు.”

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. “అవునవును” అన్నాడు కమ్మరి.

డాక్టరమ్మ కమ్మరి భార్య వైపు తిరిగింది. “నువ్వైనా చెప్పు. నీ కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే ఏం జరిగింది?”

చంకలో బిడ్డను సర్దుకుంటూ ఆమె నేలచూపులు చూసింది. “పుట్టే రాత ఉంటే ఎవరు పట్టినా పుడతాడు కదమ్మా.”

ఆ మాట డాక్టరమ్మ గుండెలో ముల్లులా దిగింది. లోపలికి వెళ్ళిపోయి తలుపు వేసుకుంది.

మర్నాడు ఆదివారం. పాస్టరుగారు గంట కొట్టాడు. కాసేపు చూసి మళ్ళీ కొట్టాడు. ఒక్క ప్రాణి రాలేదు. పోయిన వారం కిటికీల బయట కూడా నిలబడ్డ జనం, ఇవాళ ఏ బిలంలో దూరారో! ఖాళీ బెంచీలకు వాక్యం చెబుతుంటే ఆయన గొంతు రెండుసార్లు తడబడింది.

“గది చాలడం లేదని కబురు పంపింది మీరే కదూ?” అన్నాడు పెద్దాయన.

పాస్టరుగారు గ్రంథం మూసేశాడు.

పెద్దాయన కర్ర అందుకుని లేచాడు. “ఇంత మొండి ఊరిని ఇలా వదిలేస్తే మనం ఓడిపోయినట్టే. ఇద్దరూ ఇక్కడే ఉండి మొదటినుంచీ మొదలుపెట్టండి. ఇంకో ఐదేళ్ళు మీ ఊసు ఎత్తను.” అంటూ కొండ దిగిపోయాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో, డాక్టరమ్మ పెట్టె బయటికి లాగింది. “సర్దండి. ఈ ఊళ్ళో ఇంకొక్క పూట ఉంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకున్నట్టే.”

“ఉండమన్నారు కదా” అన్నాడు భర్త మెల్లగా.

“ఎందుకూ? మొహాన ఉమ్మేయించుకోవడానికా?”

“వెళ్దువుగానిలే. ఆ కోపమేదో కడుపులో పెట్టుకుని మాత్రం వెళ్ళకు. వాళ్ళనే అడుగు.”

ఆమె విసవిసా నడిచింది. కమ్మరి కొలిమి దగ్గర ఊరంతా పోగై ఉంది. తల ఎత్తి చూడడానికి ఒక్కరికీ ధైర్యం లేదు.

“ఏం పాపం చేశాం మీకు?” అని ఆమె నిలదీసింది. “మీ పిల్లల్లో నా చేతుల్లో పడనివాళ్ళెవరు? అర్ధరాత్రి తలుపు తడితే ఏనాడైనా లేవనన్నానా? నన్నంటే అన్నారు. ఆ మనిషి మీకేం చేశాడు? మీ శవాలు మోశాడు, మీ గోడలు కట్టాడు. ఆయన నోరు తెరిస్తే గాడిదలు నిద్రపోతాయంటారా? విశ్వాసం లేదూ మీకు?”

మామ్మ లేచి దగ్గరికొచ్చింది. ఈసారి ఆ గొంతులో ఉరుము లేదు. “ఆయన దిగిపోయాడా తల్లీ?”

“దిగిపోయాడు. మమ్మల్ని ఇంకో ఐదేళ్ళు ఇక్కడే పడి ఉండమన్నాడు. సంతోషమేనా?”

మామ్మ డాక్టరమ్మ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “తిట్టు తల్లీ. కసితీరా తిట్టు. అయ్యగారి కాళ్ళు నేను పట్టుకుంటాలే. మొన్న సామాను తెచ్చిన గాడిదలవాడు ఆ పెద్దాయన మనసులో మాట మోసుకొచ్చి మా చెవిన వేశాడు.”

“ఏమిటా మాట?”

“పని బాగుందంటే మిమ్మల్ని వేరే ఊరికి మార్చేస్తాడంట!”