వదలడం రాని డిస్క్

తమ్ముడు చనిపోయిన నెల్లాళ్లకి, వాడు ప్రోగ్రాములో రాసిన ఆఖరి సవరణ, అదే ఆఫీసులో పనిచేసే అక్క పరిశీలనకే వచ్చింది. ఫైలు చెరిపేసిన చోటును డిస్క్ నిజంగా ఖాళీ చేసి వదిలేస్తుందో లేదో చూసే పరీక్షలో మార్పు అది. వదలడం రాని డిస్క్ అయితే పరీక్షను దాటెయ్యాలన్నదే వాడి సవరణ.

చీకటి పడ్డాక ఆఫీసులో ఆమె ఒక్కతే మిగిలింది. కొత్త డిస్క్ పెట్టి, ఒక ఫైలు చెరిపి, ఆ చోటు చదివి చూసింది. అన్నీ సున్నాలే ఉండాలి. మధ్యలో ఒక అక్షరాల వరుస కనిపించింది.

"అక్కా, తిన్నావా?"

రోజూ ఈ వేళకి వాడడిగే మాట. "తిన్నాన్రా," అంది పైకే. మళ్లీ చెరిపి, మళ్లీ చదివింది.

"అబద్ధం."

మెషీన్‌లో ఫ్యాను హోరు ఆగిపోయింది; తెర మాత్రం వెలుగుతూనే ఉంది. ఆమె పరిశీలనలో ఇలా రాసింది: "సవరణ సరిగ్గానే ఉంది. ఈ డిస్క్‌కి వదలడం రాదు."

ఆమె రాసినదాని కిందనే ఇంకో వరుస వచ్చింది.

"నీకూ రాదక్కా."