దర్వాజకెదురు బొమ్మ

ఫోన్‌లో ఎర్ర చుక్క కదలడం లేదు. కోదాడలో ఒక సందు చివర, కొత్తగా రంగు వేసిన రెండు గదుల ఇంటి మీద ఆగి ఉంది.

“ఇదేనా?” అన్నాడు కానిస్టేబుల్ జాన్, బైకు స్టాండు వేస్తూ.

లచ్చిరాం తల ఊపాడు. ఆ ఇల్లు అతని చెల్లెలు శోభది. నిన్ననే గృహప్రవేశం అయింది. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా వాడలేదు.

పొద్దున సూర్యాపేటలో లేచి చూస్తే వాకిట్లో కారు లేదు. కిరాయిలకు తిప్పే ఆ కారే అతని ఇంటికి కూడు. స్టీరింగు లాకు ఉంది, సైరన్ ఉంది, ఏదీ ఆపలేదు. కాకపోతే దొంగకు తెలియనిది ఒకటుంది. ముందు అద్దం దగ్గర అతికించిన నవ్వే బుద్ధుడి పొట్టలో, ఫోన్‌లో చుక్కై కనబడే అగ్గిపెట్టెంత ట్రాకర్.

దాన్ని అక్కడ దాచింది మెకానిక్ నవీన్. “దొంగలు ముందుగాల వైర్లే ఎతుకుతరన్నా. బొమ్మను ఎవడు సూస్తడు? ఇంట్ల కూడ చెప్పకు,” అన్నాడు. లచ్చిరాం చెప్పలేదు.

భార్య సీతకు ఆ బొమ్మ మొదటి నుంచీ నచ్చలేదు. ఫోన్‌లో చైనా వాస్తు చూసి, తలుపు పక్కన మూడు కాళ్ల కప్పను, కిటికీలో వెదురు మొక్కను పెట్టుకున్న మనిషి. “నవ్వే బుద్ధుణ్ని ఎవరికి వాళ్లు కొనుక్కుంటరా? ఒకరిస్తేనే అచ్చొస్తది. పైసల్ దండుగ,” అని సణిగింది.

ఇప్పుడా దండుగ బొమ్మే దారి చూపింది. చూపిన చోటే అతనికి మింగుడుపడడం లేదు.

శోభ మూడేళ్ల కింద తనకు చెప్పకుండా కిష్ట్యాను పెళ్లి చేసుకుంది. అప్పటి నుంచి రాకపోకలు లేవు. పది రోజుల కింద ఫోన్ చేసి గృహప్రవేశానికి పిలిచింది. లచ్చిరాం ఆమెకు జవాబు చెప్పలేదు. ఆమె వింటుండగానే సీత వైపు తిరిగి, “ఆ గడప తొక్కినోళ్లు మళ్ల నా గడప తొక్కొద్దు,” అన్నాడు. నిన్న తెల్లవారుజామున హైదరాబాద్ కిరాయి నుంచి వచ్చి పడుకున్నవాడు పొద్దుగూకే దాకా లేవలేదు. సీత నడిగూడెంలో తల్లిని చూసి వచ్చానంటూ అన్నం పెట్టి లేపింది. తిని మళ్లీ పడుకున్నాడు.

తలుపు తీసింది కిష్ట్యానే. లచ్చిరాంను చూడగానే ముఖం వెలిగిపోయింది.

“బావా! రా, రా. శోభా, మీ అన్న వచ్చిండు. కుర్చీ ఎయ్యి.”

ఏం నటిస్తున్నాడు, అనుకున్నాడు లచ్చిరాం. గడప దాటకుండానే లోపలికి చూశాడు. దర్వాజకు ఎదురుగా, గూట్లో, పసుపు కుంకుమ బొట్లతో తన బొమ్మ నవ్వుతూ ఉంది.

“నా బండిల ఉండే బొమ్మ నీ ఇంట్ల ఎట్లున్నది కిష్ట్యా?”

కిష్ట్యా నవ్వు ఆగిపోయింది. బొమ్మను చూశాడు. బావను చూశాడు. వెనక వచ్చిన పోలీసును చూశాడు. శోభ ఏదో అనబోయింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“నేనే తీసిన బావా,” అన్నాడు తల దించుకొని. “నిన్న సూర్యాపేట వచ్చినప్పుడు బండి తలుపు తెరిసి ఉండె.”

“బండేదిరా?” అన్నాడు జాన్.

“బండి సంగతి తెల్వది సార్. బొమ్మ ఒక్కటే తీసిన.”

“బొమ్మ తీసినోడు బండి తియ్యడా? నడువ్.”

సందులో జనం పోగయ్యారు. ఎదురింటి బాలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, “దక్షిణం దర్వాజ వద్దని చెప్తనే ఉన్న. రెండో దినమే పోలీసులొచ్చె,” అంది.

శోభ ఏడవలేదు. “మూడేండ్లకు మా ఇంటికొచ్చినవ్ అన్నా,” అంది. “గిట్ల వచ్చినవ్.”

లచ్చిరాం తన చెప్పుల వైపు చూసుకున్నాడు. దొంగ తన ఇంటల్లుడే అని ఊరంతా చెప్పుకుంటుంది. పుట్టిన తండాలో ఏ ముఖం పెట్టుకొని తిరగాలి?

మధ్యాహ్నం సూర్యాపేట స్టేషన్‌కు మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. చెకింగ్‌లో కారు దొరికింది. అందులో ఉన్న ఇద్దరూ ఎక్కడివాళ్లో. కిష్ట్యా పేరు కూడా వాళ్లకు తెలియదు. “బండిల బొమ్మ గిమ్మ ఏం లేదు సార్,” అన్నారట. అద్దం దగ్గర అతుకుడు టేపు మాత్రం మిగిలింది.

జాన్ బొమ్మను లచ్చిరాం చేతికిచ్చి, కిష్ట్యాను పొమ్మన్నాడు. కిష్ట్యా ఒక చెంప వాచి ఉంది.

“బండి దొరికిందట కద బావా. మంచిగయింది.”

లచ్చిరాంకు తప్పయింది అనాలని ఉంది. ఆ మాట రాక, చేతిలో బొమ్మను ముందుకు చాపాడు. “ఇదైతే తీసినవ్ గద?”

“తీసిన,” అన్నాడు కిష్ట్యా. వంగి బావ కాళ్లకు మొక్కి, కోదాడ బస్సెక్కాడు.

ఆ ఒక్క మాటే పట్టుకొని లచ్చిరాం ఇల్లు చేరాడు. బండి దొంగ కాకపోయినా బొమ్మ దొంగే గదా. తన తప్పు సగమే. దారి పొడుగునా అదే అనుకున్నాడు.

సీత గుమ్మంలో నిలబడి ఉంది. బొమ్మను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

“ఇది మీ దగ్గరికెట్ల వచ్చింది?”

“నీ ఆడబిడ్డ మొగడు ఎత్తుకపోయిండు. ఊరి ముందట ఒప్పుకున్నడు. పోలీసోడు రెండు తగిలిస్తే కూడ అదే మాట.”

సీత వెనక్కి జరిగింది. కాలు తగిలి మూడు కాళ్ల కప్ప పక్కకు ఒరిగింది.

“నిన్న ఆ గడప తొక్కి, మీరు పంపిన్రని చెప్పి ఆళ్లకిచ్చింది నేనే.”