బొట్టు పెట్టిన తాళం

సత్తిరాజు చేతిలో మొదట్లో ఉన్నవి కాకినాడలో ఓ ఇనుప సామాన్ల కొట్టు, ఓ సొంతిల్లు, ఆ ఇంటికి మొహం చూసి తెరుచుకునే తాళం. ఊళ్ళో అందరి తలుపులకూ అదే. "ఇవాళ ఆలస్యమైందే!" అని అది పలకరిస్తే అతనికి ఒళ్ళు మండేది. పైగా అతను చెప్పులు విడిచేలోగా ఎవడో ఒకడు ఏదో ఒకటి అమ్మడానికి దిగిపోయేవాడు.

ఆయుధపూజ నాడు భార్య నూకరత్నం కొట్లో త్రాసుతోపాటు ఇంటి తాళానికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. సరిగ్గా దాని కంటి మీదే. సాయంత్రం తాళం సత్తిరాజును గుర్తుపట్టలేదు. ఆమె లోపల్నుంచి తీయాల్సొచ్చింది.

"కంట్లో బొట్టేంటే?"

"మరి దానికి నుదురెక్కడుందండీ?"

ఆ సాయంత్రం అమ్మేవాడొక్కడూ రాలేదు.

"పండగ కదండీ, వాళ్ళకీ సెలవేమో."

"ఉగాదికి ముగ్గురొచ్చారుగా! నేనొచ్చానని ఈ తాళమే వాళ్ళకి చేరేస్తోంది. మనం ఇంట్లో ఉన్న వేళ వాళ్ళకి చెప్పేది, లేని వేళ దొంగలకి చెప్పదని నమ్మకమేంటి?"

మర్నాడు కొట్లో మూలనున్న, తాళంచెవితో తీసే పాతరకం తాళాలను అరచేతిలో తూచి చూశాడు. తళతళలాడే తేలికవి పక్కన పెట్టి, ఉక్కు గడియ ద్వారబంధంలోకి అంగుళం లోతున దిగే బరువైనది ఎంచుకున్నాడు.

తలుపుకున్న మాటల తాళాన్ని ఊడదీస్తుంటే, "నన్నెక్కడికి తీసుకెళ్తున్నారు?" అని అడిగింది.

"ఎవడికి చెప్తావేంటి?" అన్నాడు.

చివరికి లెక్క చూసుకుంటే పోయింది ఓ పలకరింపు. దక్కినవి జేబులో ఓ తాళంచెవి, అప్పుడప్పుడూ గడియకు రెండు చుక్కల నూనె వేసే పని, తను ఇంట్లో ఉన్నట్టు నూకరత్నానికి తప్ప ఎవరికీ తెలియని సాయంత్రాలు.