లోపలి గడియ

“ఇదీ వద్దు,” అంది పెద్దామె గుమ్మం దగ్గర్నుంచే.

బ్రోకరుకి ఒళ్ళు మండిపోయింది. మూడు రోజుల్లో ఇది ఎనిమిదో షాపు. అందులోనూ కాలేజీ గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆవిడతో వచ్చిన చిన్నామెది పుస్తకాల బైండింగు పని. పరీక్షలు దగ్గరపడితే రికార్డులు పట్టుకుని కుర్రాళ్ళు వరస కడతారు. ఈ షాపు కోసం ఇప్పటికే ఇద్దరు జిరాక్సు వాళ్ళు తిరుగుతున్నారు. కళ్ళకద్దుకుని తీసుకోవాల్సింది పోయి, ఈవిడ లోపలికి కాలైనా పెట్టలేదు.

లోపం ఏమిటని అడిగాడు. వెనక తలుపు సందులోకి తెరుచుకుంటుందట. ఆ సందులో దీపం లేదట.

“వెనక సందుతో మీకేం పనమ్మా? గిరాకీ వచ్చేది ముందునుంచే కదా.”

“గిరాకీ గురించి నిన్ను అడిగానా?” అని మెట్లు దిగిపోయింది.

మొదటి రోజు నుంచీ ఇదే వరస. కోర్టు పక్కన చూపిస్తే, సాయంత్రం అయిదు దాటాక అక్కడ మనిషన్నవాడు కనిపించడంది. పెద్ద రోడ్డు మీద అద్దాల తలుపులున్న షాపు చూపిస్తే, అద్దం ఎంతసేపు ఆగుతుందని అడిగింది. ఇంకో చోట వీధి మొదట్లో బ్రాందీ షాపు చూసి ఆటో దిగనే లేదు. మరో చోట షట్టరు కిందికి లాగించి, లోపల చీకట్లో చేత్తో తడుముకుని, బయటికొచ్చి అతన్ని నిలబెట్టి తిట్టింది. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉండి, షట్టరుకి లోపల గడియ ఉందో లేదో చూసుకోవద్దా అని.

బయట తాళం గట్టిదేనా అని అడిగినవాళ్ళు ఎందరో ఉన్నారు. లోపల గడియ గురించి అడిగిన మనిషిని అతను ఈమెనే చూశాడు. గోడకి చెమ్మ ఉందా, కాగితం కోసే మిషను పడుతుందా? అసలు అడగాల్సినవి ఒక్కటీ అడగలేదు.

చిన్నామె వైపు తిరిగాడు. పని చేసేది మీరు, మీరైనా చెప్పండన్నాడు. మండుటెండలో కూడా మణికట్టు దాకా చేతుల జాకెట్టు తొడుక్కున్న ఆ మనిషి, ఆ సంగతి ఆవిడనే అడగండని మెల్లగా అంది. తల్లి చాటు పిల్ల అనుకున్నాడు బ్రోకరు. ఆ అనుకోవడంతో కోపం ఇంకా పెరిగింది.

“నా వల్ల కాదమ్మా. షాపు చూపించమంటే చూపిస్తాను గానీ కోట చూపించమంటే ఎక్కణ్ణుంచి తేను? ఇంకో బ్రోకరుని చూసుకోండి.”

ఆ మాటకి చిన్నామె కంగారుపడి, ఆగమన్నట్టు చెయ్యెత్తింది. జాకెట్టు చెయ్యి జారింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కుట్ల గుర్తులు. ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

వెనక సందు, అద్దాలు, గడియ అన్నీ అప్పుడు బ్రోకరుకి అర్థమయ్యాయి.

“మీ ఆయనేనా?” అని మాత్రం అడగగలిగాడు.

చిన్నామె జాకెట్టు చెయ్యి సర్దుకుంది. పెద్దామే చెప్పింది. పిల్ల నెల్లాళ్ళు ఆసుపత్రిలో ఉంది. వాణ్ణి ఈమె దగ్గరికి వెళ్ళొద్దని కోర్టువాళ్ళు కాగితం ఇచ్చారు. వాడు ఆ కాగితాన్ని లెక్కచేసే రకం కాదు.

అంతసేపూ పెద్దామె మీద రగిలిన కోపం వాడి మీదికి మళ్ళింది. పళ్ళు నూరుతూ, ఎలా పెంచారో వాణ్ణి, ఆ అమ్మానాన్నల్ని అనాలి అన్నాడు.

“వాడి నాన్న చిన్నప్పుడే పోయాడు,” అంది పెద్దామె. “ పెంచింది తల్లే. దాన్నే అనాలి. వాడు మొదటిసారి చెయ్యి చేసుకున్న రోజు, ఆలుమగలన్నాక మామూలేలే అని ఊరుకుంది.”

“అలాంటి తల్లిని నడిబజార్లో నిలబెట్టి కడిగెయ్యాలి.”

“కడగాలి,” అందామె.

సాయంత్రం అతను లిస్టులో లేని గది ఒకటి చూపించాడు. చిన్నది. ఒక పక్క మందుల షాపు, ఇంకో పక్క పిండిమర. వీధిలో ఎప్పుడూ జనం ఉంటారు. వెనక తలుపు లేదు, గట్టి గోడ. ఇంటావిడ రిటైరైన నర్సు, పైనే ఉంటుంది. పెద్దామె లోపలికెళ్ళి తలుపు గడియ వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. తర్వాత చిన్నామెని లోపల గడియ వేసుకోమని, తను బయట నిలబడి భుజంతో రెండుసార్లు గట్టిగా తోసి చూసింది. ఈసారి వద్దనలేదు. చిన్నామె అప్పుడే బల్ల ఎక్కడ పెట్టాలో జానలతో కొలుచుకుంటోంది.

అగ్రిమెంటు చిన్నామె ఒక్కదాని పేరునే రాయించారు. సంతకాలయ్యాక పెద్దామె ఫోన్లో ఉన్న ఒక ఫొటో నర్సుకి చూపించింది. మందుల షాపతన్ని కూడా పిలిచి చూపించింది.

“ఈ మొహం గుర్తుపెట్టుకోండి. వస్తాడు. ఏడుస్తాడు, కాళ్ళు పట్టుకుంటాడు, మారిపోయానంటాడు. నమ్మకండి. ముందు పోలీసులకి ఫోన్ చెయ్యండి, తర్వాత నాకు చెయ్యండి. జైల్లో పడి మగ్గినా సరే, వాడు ఈ మెట్టు ఎక్కకూడదు.”

నర్సు ఫొటో వంకా ఆమె వంకా మార్చి మార్చి చూసింది. ఆసుపత్రిలో ఇలాంటివి ఎన్నో చూశానంది. తీరా తను పోలీసుల్ని పిలిచాక పెద్దవాళ్ళే రాజీకి దిగేవారని, తనే చెడ్డదయ్యేదని చెప్పింది.

“ఇవాళ కోపంలో ఉన్నారు. రేపు ఎంతైనా అల్లుడే కదా అని మీ మనసు కరిగితే?”

పెద్దామె ఫోను సంచిలో పడేసుకుంది.

“అల్లుడు కాదమ్మా, నా కొడుకు.”